సాల్మొనెల్లా అదుపునకు దాణాలో ఈస్ట్ ఉత్పత్తులు: ఏ రకం, ఎంత మోతాదు, ఎంతవరకు నమ్మొచ్చు?

షెడ్_ఇన్‌చార్జ్
బ్రాయిలర్ దాణాలో టన్నుకి కిలో చొప్పున ఈస్ట్ సెల్ వాల్ కలుపుతున్న షెడ్‌లో కూడా బూట్ స్వాబ్ (బూట్లకి తొడిగిన గుడ్డతో షెడ్‌లో నడిచి తీసే నమూనా) సాల్మొనెల్లా పాజిటివ్ వస్తే, ఇక అది పనిచేయట్లేదని ఆపేయొచ్చా? లైవ్ ఈస్ట్, సెల్ వాల్, ఎంఓఎస్, బీటా గ్లూకాన్, ఈస్ట్ కల్చర్ అని రకరకాల పేర్లతో అమ్ముతున్నారు. వీటిలో ఏది దేనికి? పెల్లెట్ మిల్లు వేడికి ఏది నిలుస్తుంది? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

పక్షి_వైద్యం
ఒక్క పాజిటివ్ చూసి ఆపేయకండి. బూట్ స్వాబ్ పరీక్ష చెప్పేది "ఉందా, లేదా" అన్నది మాత్రమే. ల్యాబ్‌లో ముందు బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో 37 డిగ్రీల దగ్గర సుమారు 18 గంటలు పెంచుతారు. ఆ తర్వాత ఎంఎస్ఆర్‌వీ అగర్ (సాల్మొనెల్లాని ఎంచి పెంచే మాధ్యమం) మీద 41.5 డిగ్రీల దగ్గర మళ్ళీ పెంచుతారు. స్వాబ్ మీద పది క్రిములున్నా, పది లక్షలున్నా చివరికి వచ్చే ఫలితం ఒక్కటే. ఈస్ట్ ఉత్పత్తి చేయగలిగింది పేగులో క్రిముల సంఖ్య తగ్గించడం. ఆ తగ్గుదల ఈ పరీక్షలో కనపడనే కనపడదు.

2000లో పౌల్ట్రీ సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగం ఇందుకు మంచి ఉదాహరణ. దాణాలో 4,000 పీపీఎం ఎంఓఎస్ (మానాన్ ఆలిగోశాకరైడ్లు, అంటే ఈస్ట్ గోడ నుంచి తీసిన మానోజ్ చక్కెర గొలుసులు) ఇచ్చిన పిల్లల సీకాలో (పేగు చివర ఉండే గుడ్డి సంచుల్లో) సాల్మొనెల్లా టైఫిమ్యూరియం సంఖ్య గ్రాముకి 5.40 లాగ్ నుంచి 4.01 లాగ్‌కి దిగింది. మామూలు లెక్కలో రెండున్నర లక్షల నుంచి పదివేలకి. అంటే క్రిముల్లో 95 శాతం పైగా పోయాయి. అయినా ఆ పిల్లల రెట్ట మీద నడిచి బూట్ స్వాబ్ తీస్తే పాజిటివే వస్తుంది.

ఇంకో సంగతి కూడా గమనించండి. 4,000 పీపీఎం అంటే టన్నుకి 4 కిలోలు. షెడ్లలో సాధారణంగా వాడేది టన్నుకి అర కిలో నుంచి 2 కిలోలే. కాబట్టి అదే స్థాయి తగ్గుదల షెడ్‌లో వస్తుందని ఆశించకూడదు.

షెడ్_ఇన్‌చార్జ్
అయితే తగ్గిందో లేదో తెలిసేదెలా అండి? అది తెలియకుండా దాణాలో ఖర్చు పెడుతూ పోలేం కదా.

పక్షి_వైద్యం
సీకా తీసి లెక్క కట్టాల్సిందే. ఆ పద్ధతి కింద విడిగా రాస్తాను. ముందు అసలు ఇది ఎలా పనిచేస్తుందో సూక్ష్మజీవి గారు చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

సూక్ష్మజీవి
సాల్మొనెల్లా ఒంటి మీద టైప్-1 ఫింబ్రియే అనే సన్నటి పోగులుంటాయి. ఒక్కో పోగు కొసన ఫిమ్‌హెచ్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఇది ఆల్ఫా-మానోజ్ అనే చక్కెరని పట్టుకుంటుంది. పేగు లోపలి కణాల మీద ఉండే గ్లైకోప్రొటీన్లలో ఆ మానోజ్ ఉంది కాబట్టే క్రిమి అక్కడ అతుక్కుని, లోపలికి చొరబడుతుంది.

ఈస్ట్ కణం గోడలో బయటి పొర మానోప్రొటీన్, లోపలి పొర బీటా-1,3 బీటా-1,6 గ్లూకాన్, కొద్దిగా కైటిన్. దాణాతో వెళ్ళిన సెల్ వాల్ ముక్కల మీద మానోజ్ దండిగా ఉంటుంది. క్రిమి పేగుకి బదులు దాన్ని పట్టుకుని రెట్టతో బయటికి పోతుంది. కోడికి ఈ మానాన్‌ని, అంటే మానోజ్ గొలుసుని, విడగొట్టే సొంత ఎంజైమ్ లేదు, అందుకే అది చాలావరకు చెక్కుచెదరకుండా పేగు కింది భాగం దాకా చేరుతుంది. 1989లోనే నీళ్ళలో 2.5 శాతం మానోజ్ కలిపి ఇస్తే పిల్లల్లో టైఫిమ్యూరియం నిలదొక్కుకోవడం తగ్గిందని చూపించారు. అంత మానోజ్ షెడ్‌లో ఇవ్వడం గిట్టుబాటు కాదు, అందుకే ఈస్ట్ గోడ వైపు మళ్ళారు.

దీన్నుంచి మూడు విషయాలు తేలతాయి. ఇది క్రిమిని చంపదు. దాణాలో రోజూ ఉంటేనే పని, మూడు రోజులిచ్చి ఆపే మందు కాదు. ఇక చాలామంది మర్చిపోయేది, క్రిమికి మానోజ్‌ని పట్టుకునే ఫింబ్రియే లేకపోతే మానాన్‌తో ప్రయోజనం లేదు.

బీటా గ్లూకాన్ దారి వేరు. అది కోడి హెటెరోఫిల్స్‌నీ మాక్రోఫేజ్‌లనీ (క్రిముల్ని మింగే రక్షణ కణాల్ని) చురుగ్గా చేస్తుంది. హెటెరోఫిల్ అంటే పాలిచ్చే జంతువుల్లో న్యూట్రోఫిల్ చేసే పని కోడిలో చేసే కణం. పుట్టిన మొదటి వారంలో పిల్లల్లో ఈ కణాలు ఇంకా సరిగ్గా పనిచేయవు. అందుకే ఆ వయసులో అతి కొద్ది క్రిములకే పిల్ల చిక్కిపోతుంది.

లేయర్_రాణి
లేయర్లలో ఫౌల్ టైఫాయిడ్‌కి కూడా ఈస్ట్ సెల్ వాల్ సిఫార్సు చేస్తున్నారు. పనిచేస్తుందా?

సూక్ష్మజీవి
మానాన్ భాగం పనిచేస్తుందని ఆశపడొద్దు. ఫౌల్ టైఫాయిడ్ తెచ్చే గాలినారమ్‌లోనూ, తెల్లపారుడు తెచ్చే పుల్లోరమ్‌లోనూ ఫిమ్‌హెచ్ ప్రొటీన్ మార్పు చెంది ఉంటుంది. అది మానోజ్‌ని పట్టుకోదు. ఈ పద్ధతి ఎంటరిటిడిస్, టైఫిమ్యూరియం లాంటి వాటికి, అంటే కోడి పైకి ఆరోగ్యంగా కనపడుతూనే పేగులో మోస్తూ మనుషులకి చేరవేసే రకాలకి. సెరోవార్ (సాల్మొనెల్లాలో ఉపరకం) ఏదో తేల్చుకోకుండా ఉత్పత్తి ఎంచుకోవడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

పక్షి_వైద్యం
దీన్ని నొక్కి చెప్పాలి. గాలినారమ్ పేగుతో ఆగదు, రక్తంలోకి వెళ్ళి కాలేయం, ప్లీహం పట్టుకుంటుంది. లేయర్‌లో కాలేయం పెద్దదై కంచు రంగుకి తిరిగి, చావులు పెరుగుతుంటే దాణా సంకలితాల గురించి చర్చిస్తూ కూర్చోవద్దు. కాలేయం, ఎముక మజ్జ ల్యాబ్‌కి పంపి నిర్ధారించుకోండి. అక్కడ చేయాల్సింది చచ్చిన కోళ్ళని వెంటవెంటనే తీసేయడం, ఎలుకల్నీ ఎర్ర నల్లుల్నీ అదుపు చేయడం, బ్రీడర్లలో పరీక్షించి రోగవాహకుల్ని తీసేయడం, అనుమతి ఉన్నచోట 9ఆర్ (బలహీనపరిచిన గాలినారమ్) లైవ్ వ్యాక్సిన్. లైవ్ వ్యాక్సిన్ వేసే రోజుల్లో యాంటీబయాటిక్ నడుస్తుంటే వ్యాక్సిన్ క్రిమి కూడా చచ్చిపోతుంది, అది చూసుకోవాలి.

ఫీడ్_మిల్లు
రకాలు, మోతాదులు నేను రాస్తాను.

లైవ్ ఈస్ట్: బతికున్న సకారోమైసిస్ సెరివిసియే, లేదా బౌలార్డై రకం. గ్రాముకి సాధారణంగా వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల కణాలు ఉంటాయి. తడి ఆవిరి వేడికి నిలవదు. కండిషనర్ (పెల్లెట్ చేసే ముందు దాణాకి ఆవిరి పట్టే యంత్రం) 80-85 డిగ్రీల దగ్గర నడిచే మిల్లులో మామూలు లైవ్ ఈస్ట్ వేస్తే పెల్లెట్‌లో మిగిలేది చచ్చిన ఈస్టే. మాష్ దాణాకి సరిపోతుంది. పెల్లెట్‌కైతే పూత పూసిన రకం వాడాలి, లేదా పెల్లెట్ చల్లారాక పైన చల్లాలి. యాంటీబయాటిక్స్ దీన్ని ఏమీ చేయవు, ఎందుకంటే ఇది బ్యాక్టీరియా కాదు. ఫంగస్ మందులు, ఎక్కువ మోతాదు కాపర్ సల్ఫేట్ మాత్రం దెబ్బతీస్తాయి.

ఈస్ట్ సెల్ వాల్: కణాన్ని పగలగొట్టి లోపలి సారం తీసేశాక మిగిలే గోడ. పెల్లెట్ వేడికి ఇబ్బంది లేదు. బ్రాయిలర్‌లో బాగా చలామణిలో ఉన్న పద్ధతి స్టార్టర్‌లో టన్నుకి 2 కిలోలు, గ్రోయర్‌లో 1 కిలో, ఫినిషర్‌లో అర కిలో. పది వేల బ్రాయిలర్లకి స్టార్టర్ 3 టన్నులు, గ్రోయర్ 12 టన్నులు, ఫినిషర్ 25 టన్నులు అనుకుంటే 6 + 12 + 12.5, మొత్తం 30.5 కిలోలు. మొదట్లో మోతాదు రెట్టింపున్నా దాణా తక్కువ తింటాయి కాబట్టి భారం తక్కువ. అందుకే పొదుపు చేయాలనుకుంటే స్టార్టర్‌లో మాత్రం కోయకండి.

శుద్ధి చేసిన బీటా గ్లూకాన్: ఇది గ్రాముల్లో వేసేది, కిలోల్లో కాదు. తయారీదారు చెప్పిన దానికి మించి వేస్తే లాభం పెరగదు. రోగనిరోధక వ్యవస్థని అదే పనిగా రెచ్చగొడితే ఎదుగుదలకి పోవాల్సిన శక్తి అటు పోతుంది.

ఈస్ట్ కల్చర్: ఈస్ట్‌ని పులియబెట్టిన మాధ్యమంతో సహా ఆరబెట్టినది. ఇందులో బతికున్న కణాల లెక్క ముఖ్యం కాదు, పులిసినప్పుడు పుట్టిన పదార్థాలు ముఖ్యం. టన్నుకి సుమారు 1.25 కిలోలు వాడతారు.

షెడ్_ఇన్‌చార్జ్
కలపడంలో ఏమైనా జాగ్రత్తలు?

ఫీడ్_మిల్లు
సెల్ వాల్ తేలికైన పొడి, దుమ్ములా లేస్తుంది, తేమ పీల్చుకుంటుంది. టన్ను మిక్సర్‌లో కిలో పొడి నేరుగా గుమ్మరిస్తే ఒక మూల గడ్డ కట్టి ఉండిపోతుంది. కిలోని ముందు 9 కిలోల సన్నగా ఆడిన మొక్కజొన్న పిండిలో కలిపి, ఆ పది కిలోల్నీ సగం నిండిన మిక్సర్‌లో వేయండి. ఆ తర్వాతే మిగతా ముడిసరుకు. నూనె మాత్రం పొడి సరుకంతా కలిశాకే స్ప్రే చేయాలి. నూనె ముందు పడితే సెల్ వాల్ దానికి అంటుకుని ఉండలు కడుతుంది, ఆ ఉండలు చివరిదాకా విడవవు. మిక్సర్ సరిగ్గా కలుపుతోందో లేదో తెలియాలంటే ఒకే బ్యాచ్ నుంచి పది చోట్ల నమూనాలు తీసి ఉప్పు శాతం చూడండి. తేడా, అంటే సీవీ, 10 శాతం లోపుండాలి. దాటితే తెడ్లు అరిగాయేమో, మిక్సర్ పరిమితికి మించి నింపుతున్నారేమో చూసుకోవాలి.

సంచి తెరిచాక మూతి బిగించి కట్టండి. గోడకి ఆనించొద్దు, నేల మీద పెట్టొద్దు.

ల్యాబ్_బల్ల
కొనేముందు లేబుల్ చదవడం గురించి ఎవరూ చెప్పలేదు, అసలు మోసం జరిగేది అక్కడే. "ఈస్ట్ ఉత్పత్తి" అన్న మాటతో తృప్తి పడకండి. మానాన్ కనీసం ఎంత శాతం, బీటా గ్లూకాన్ కనీసం ఎంత శాతం, ప్రొటీన్, బూడిద, తేమ ఎంత అని విడివిడిగా ఉండాలి. మంచి సెల్ వాల్‌లో మానాన్, గ్లూకాన్ ఒక్కోటి 20 శాతం పైన ఉంటాయి. ప్రొటీన్ 40-50 శాతం చూపిస్తే అది సెల్ వాల్ కాదు, గోడ విడదీయని నిర్జీవ ఈస్ట్. దాణాకి ప్రొటీన్‌గా మంచిదే, కానీ ఈ పనికి అందులో గోడ పాలు తక్కువ.

చిటికెడు పొడిని నీళ్ళలో కలిపి ఒక చుక్క అయోడిన్ వేయండి. నల్లనీలంగా మారితే అందులో పిండి పదార్థం కలిసింది. ఈస్ట్ గోడలో స్టార్చ్ ఉండదు. పులియబెట్టిన మాధ్యమంతో వచ్చే ఈస్ట్ కల్చర్‌కి మాత్రం ఈ పరీక్ష వర్తించదు, అందులో ధాన్యం ఉండటం సహజమే.

ఇంకో సూక్ష్మమైన మోసం ఉంది. పామ్ కెర్నెల్ చెక్క, గ్వార్ మీల్‌లో కూడా మానాన్ ఉంటుంది. ల్యాబ్‌లో ఆమ్లంతో విడగొట్టి మానోజ్ కొలిస్తే ఇవి కలిపిన సరుకు కూడా "మానాన్ పుష్కలం" అని తేలుతుంది. కానీ ఆ మొక్కల మానాన్ బీటా బంధాలతో ఉంటుంది, ఫిమ్‌హెచ్ పట్టుకునే ఆల్ఫా రకం కాదు. పైగా గ్వార్ మానాన్ పేగులో జిగురు పెంచి రెట్టని పలచన చేస్తుంది. కాబట్టి మానోజ్ మొత్తం శాతం ఒక్కటే చూస్తే సరిపోదు.

షెడ్_ఇన్‌చార్జ్
మరి పట్టుకునే గుణం ఉందో లేదో నేరుగా చూసే దారి లేదా?

ల్యాబ్_బల్ల
ఉంది. సూక్ష్మజీవి ల్యాబ్‌లోనే చేయాలి, షెడ్‌లో కాదు. టైప్-1 ఫింబ్రియే ఉన్న హానిచేయని ఈ.కోలై రకాన్ని ద్రవ మాధ్యమంలో కదపకుండా 37 డిగ్రీల దగ్గర 48 గంటలు పెంచండి. కదపకుండా ఉంచితేనే ఫింబ్రియే బాగా వస్తాయి, షేకర్‌లో పెడితే రావు. పరీక్ష తప్పేది ఎక్కువగా ఇక్కడే. గాజు పలక మీద ఒక చుక్క కల్చర్, ఒక చుక్క 3 శాతం సెల్ వాల్ ద్రావణం వేసి పలకని మెల్లగా అటూ ఇటూ వంచండి. పట్టుకునే గుణం ఉంటే నిమిషం రెండు నిమిషాల్లో పాల విరుగులా తునకలు కడుతుంది.

పక్కనే ఇంకో చుక్కలో ముందుగా 2-3 శాతం మానోజ్ ద్రావణం కలిపి అదే చేయండి. అక్కడ తునకలు కట్టకూడదు. అక్కడా కట్టిందంటే అది మానోజ్ వల్ల కాదు, పొడి దానంతటదే గడ్డకడుతోంది. ఈ రెండో చుక్క లేకుండా చేసిన పరీక్షకి విలువ లేదు. సంచి మారినప్పుడల్లా ఇది చేయించుకుంటే మంచిది.

పక్షి_వైద్యం
ఇప్పుడు లెక్క కట్టే పద్ధతి. ఒకే హ్యాచరీ, ఒకే రోజు పిల్లలు, రెండు షెడ్లు. ఒకదానికి ఉత్పత్తితో, ఒకదానికి లేకుండా దాణా. వచ్చే బ్యాచ్‌లో షెడ్లు మార్చాలి. మార్చకపోతే షెడ్ తేడానే మందు తేడా అనుకుంటాం. ఇలా కనీసం మూడు నాలుగు బ్యాచ్‌లు నడవాలి.

21వ రోజున, మళ్ళీ అమ్మకానికి ముందు, షెడ్‌కి పదేసి కోళ్ళ సీకా తీసి, ఒక్కో కోడిది వేరువేరు సంచిలో, మంచు పెట్టెలో, 24 గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. అక్కడ ఒక గ్రాము సీకా పదార్థాన్ని 9 మిల్లీలీటర్ల బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో కలుపుతారు. అందులోంచి పదో వంతు, వందో వంతు, వెయ్యో వంతు, పదివేలో వంతుగా పలచన చేస్తూ, ప్రతి మెట్టులో మూడు గొట్టాలు పెట్టి, ఒక్కోదాన్నీ విడిగా పెంచుతారు. ఏ మెట్టు దాకా పాజిటివ్ వచ్చిందో చూసి పట్టికతో ఎంపీఎన్ (క్రిముల సంఖ్య సుమారుగా ఎంత ఉండొచ్చో చెప్పే అంచనా) లెక్క తీస్తారు. ఎక్స్ఎల్‌డీ (సాల్మొనెల్లాని గుర్తించడానికి వాడే మాధ్యమం) పలక మీద ఎర్రటి కాలనీ, మధ్యలో నల్ల చుక్క కనపడినవాటిని జీవరసాయన, సీరం పరీక్షలతో నిర్ధారించాలి. నల్ల చుక్క చూసి తేల్చేయకూడదు, ప్రోటియస్ కూడా కొన్నిసార్లు అలాగే కనపడుతుంది.

పది సీకాలు కలిపేసి ఒకే నమూనా చేయొద్దు. ఒక్క కోడిలో బాగా ఎక్కువుంటే మొత్తం లెక్క అటే లాగేస్తుంది.

లేయర్_రాణి
నీళ్ళలో ఇస్తే త్వరగా పనిచేస్తుందంటారు, నిజమా?

ఫీడ్_మిల్లు
సెల్ వాల్ నీళ్ళలో కరగదు, అడుగున చేరి నిపుల్స్ (కోళ్ళు నీళ్ళు తాగే మొనలు) మూసుకుపోతాయి. లైవ్ ఈస్ట్‌ని క్లోరిన్ చంపుతుంది. క్లోరిన్ ఆపి ఇస్తే పైపుల్లో బయోఫిల్మ్ (క్రిముల జిగురు పొర) పెరుగుతుంది, సాల్మొనెల్లా దాక్కునేది ఆ పొరలోనే. దాణాలోనే ఇవ్వండి.

సూక్ష్మజీవి
వేరేవాటితో కలపడం గురించి ఒక మాట. సీకాలో మంచి బ్యాక్టీరియా తయారుచేసే బ్యూటిరేట్, సాల్మొనెల్లా పేగు కణంలోకి చొరబడటానికి వాడే ఎస్‌పీఐ-1 జన్యువుల్ని అణచివేస్తుంది. ఈస్ట్ గోడ అతుక్కోవడాన్ని ఆపుతుంది, పూత పూసిన బ్యూటిరేట్ చొరబడటాన్ని తగ్గిస్తుంది. రెండూ వేర్వేరు మెట్ల దగ్గర అడ్డుకుంటాయి కాబట్టి ఈ జోడీ నాకు సమంజసంగా అనిపిస్తుంది. అలాగే ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్ళ పేగు బ్యాక్టీరియాని పిల్లలకిచ్చి సాల్మొనెల్లాకి చోటు లేకుండా చేసే కాంపిటీటివ్ ఎక్స్‌క్లూజన్ పద్ధతి 1973లో ఫిన్లండ్‌లో నూర్మి, రంతాలా చూపించినప్పటి నుంచీ ఉన్నదే. అది మొదటి రోజునే ఇవ్వాలి, ఈస్ట్ గోడ దాని వెనకే దాణాలో నడుస్తుంది.

కాక్సిడియోసిస్ (ఐమీరియా అనే పరాన్నజీవి తెచ్చే పేగు జబ్బు) అదుపులో లేని షెడ్‌లో మాత్రం ఇవేవీ నిలవవు. ఐమీరియా టెనెల్లా సీకా గోడని చీల్చేస్తే క్రిమికి తలుపు తీసినట్టే.

ఫీడ్_మిల్లు
దాణాలోంచే క్రిమి వస్తున్నప్పుడు దాణా సంకలితంతో ఎంతని ఆపుతాం? మీట్ బోన్ మీల్, చేప పొడి, నూనె చెక్కలు ప్రధాన దారులు. పొడి దాణాలో సాల్మొనెల్లా పెరగదు గానీ నెలల తరబడి బతికే ఉంటుంది. కండిషనర్‌లో చచ్చినా, కూలర్‌లో బయటి గాలితో వచ్చే దుమ్ముతో మళ్ళీ చేరుతుంది. వేడి పెల్లెట్ ఆవిరి కూలర్ కప్పు లోపల, బిన్ పైకప్పు లోపల నీటి బొట్లుగా దిగుతుంది. ఆ తడి చోట్ల దుమ్ము పేరుకుంటే క్రిమి అక్కడ పెరిగి, పొరలుగా రాలి దాణాలో పడుతుంది. స్వాబ్ తీయాల్సింది కూలర్ గాలి లోపలికొచ్చే చోట, ఎలివేటర్ అడుగున, బిన్ పైకప్పు లోపలి వైపు. తయారైన దాణా నమూనా ఒక్కటే పంపి నెగెటివ్ అని ఊరుకుంటే లాభం లేదు, దాణాలో క్రిమి సమానంగా ఉండదు.

లేయర్_రాణి
లేయర్లలో ఏడాదంతా వేయాలా?

పక్షి_వైద్యం
ఏడాదంతా టన్నుకి అర కిలో నడిపి, ఒత్తిడి సమయాల్లో కిలోకి పెంచడం నేను మెచ్చే పద్ధతి. పుల్లెట్లని (ఇంకా గుడ్డు మొదలుపెట్టని పెట్టల్ని) లేయర్ షెడ్‌కి మార్చే ముందు ఒక వారం, తర్వాత రెండు వారాలు. గుడ్డు మొదలయ్యే 18 నుంచి 22 వారాల మధ్య. ఈక రాల్పించే సమయంలో మరీ ముఖ్యం. దాణా పూర్తిగా ఆపి ఈక రాల్పిస్తే ఎంటరిటిడిస్ రెట్టలో పోవడం బాగా పెరుగుతుంది. దాణా ఆపకుండా, పీచు ఎక్కువున్న తక్కువ శక్తి దాణాతో చేయడమే మేలు. అప్పుడు సెల్ వాల్ వేయడానికి దాణా అయినా ఉంటుంది.

షెడ్_ఇన్‌చార్జ్
బ్రాయిలర్‌లో అమ్మకానికి ముందు దాణా ఆపే 8-12 గంటల సంగతి?

పక్షి_వైద్యం
ఆ గంటల్లో సెల్ వాల్‌ని లెక్కలో పెట్టుకోవద్దు. దాణా తీయగానే కోళ్ళు లిట్టర్ పొడుస్తాయి, మేతసంచి ఖాళీ అయ్యేకొద్దీ అందులో లాక్టిక్ ఆమ్లం తగ్గి పీహెచ్ పెరుగుతుంది, క్రిమి అక్కడ చేరుతుంది. కోసేటప్పుడు మేతసంచి తేలిగ్గా చిరుగుతుంది కాబట్టి మాంసానికి అంటుకునే ప్రమాదం సీకా కంటే దీనితోనే ఎక్కువ. ఆ సమయంలో నీళ్ళలో 0.4 శాతం దాకా లాక్టిక్ ఆమ్లం ఇస్తారు. చప్పున ఇస్తే కోళ్ళు తాగడం తగ్గిస్తాయి కాబట్టి, ముందు రోజు తక్కువ మోతాదుతో కాసేపు అలవాటు చేయండి. ఆమ్లం బయోఫిల్మ్‌ని ఊడదీసి నిపుల్స్‌లో ఇరికిస్తుంది. పైపులు అంతకు ముందే కడిగి ఉంచుకోవాలి. ఆమ్లం నడిచే గంటల్లో క్లోరిన్ డోసర్ ఆపేయాలి, రెండూ ఒకే ట్యాంకులో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది.